ఓటు కోసం నిలబడిన పత్తి కూలీ – ఫ్యానీ లూ హేమర్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుల జీవితం రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. మన దేశ నాయకుల గురించి రాయగల మిత్రులు సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకని నేను అమెరికాలో ఓటు హక్కు కోసం పోరాడిన ఒక నల్లజాతి మహిళ గురించి రాస్తున్నాను. ఆమె కథలో ఒక గుమాస్తా బల్ల కూడా ఉంది. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక నా మనసుకు ఆ భాగం మరీ పట్టింది.

ఫ్యానీ లూ హేమర్ 1917 అక్టోబర్ 6న మిసిసిపీ రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులు పాలుకు సేద్యం చేసే పేదలు. ఇరవైమంది సంతానంలో ఆమె ఆఖరు బిడ్డ. ఆరేళ్ళకే పత్తి ఏరడం మొదలుపెట్టి, పన్నెండేళ్ళకు బడి మానేశారు. పెళ్ళయిన తర్వాత రూల్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పత్తి తోటలో కుదిరారు. చదవడం, రాయడం వచ్చు కనుక కూలీల పని లెక్కలు రాసే బాధ్యత ఆమెకు అప్పగించారు.

జాతి, వర్ణం కారణంగా ఎవరికీ ఓటు నిరాకరించరాదని అమెరికా రాజ్యాంగానికి 1870లోనే సవరణ వచ్చింది. అయితే ఎన్నికల నిర్వహణ అక్కడ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఇంటింటికీ వచ్చి జాబితా రాసుకునే పద్ధతి కాదు. అప్పట్లో ఓటరే వెళ్ళి నమోదు చేయించుకోవాలి. మిసిసిపీలో ఆ నమోదు చేసేది కౌంటీ కోర్టు గుమాస్తా. దరఖాస్తు నింపి, రాష్ట్ర రాజ్యాంగంలో ఆయన చూపిన భాగాన్ని రాసి, దాని అర్థం వివరించాలి. అర్థం సరిపోయిందో లేదో తేల్చేది కూడా ఆయనే. తెల్లవారికి సులువైన భాగం, నల్లవారికి కొరుకుడుపడని భాగం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. పైగా యజమాని ఎవరో కూడా దరఖాస్తులో రాయాలి.

తనకు ఓటు హక్కు ఉందన్న సంగతే ఆమెకు 1962లో, నలభై నాలుగో ఏట, ఒక చర్చిలో జరిగిన సభలో తెలిసింది. ఆగస్టు 31న మొత్తం పద్దెనిమిది మంది బస్సులో ఇండియనోలా కోర్టుకు వెళ్ళారు. ఆమె పరీక్ష తప్పారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సును ఆపి, దాని పసుపు రంగు ఎక్కువగా ఉందని జరిమానా వేశారు. ఇల్లు చేరేసరికి యజమానికి కబురు అందింది. దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి, లేదా తోట వదిలి వెళ్ళాలి అన్నాడు. పద్దెనిమిదేళ్ళు చేసిన పని వదిలి ఆ రాత్రే ఆమె బయటికి నడిచారు. కొద్ది రోజులకు ఆమె తలదాచుకున్న ఇంటి మీద తుపాకీ కాల్పులు జరిగాయి.

అయినా పట్టు విడువలేదు. 1963 జనవరిలో పరీక్ష నెగ్గారు. తీరా ఓటు వేయబోతే, రెండేళ్ళ ఓటు పన్ను రసీదులు చూపమన్నారు. నమోదే కాని మనిషికి ఆ రసీదులు ఎక్కడివి? అదే ఏడు జూన్‌లో ఒక శిక్షణ శిబిరం నుంచి తిరిగి వస్తుండగా వినోనా ఊళ్ళో అరెస్టు చేసి, జైలులో దారుణంగా కొట్టించారు. మూత్రపిండం దెబ్బతిన్నది, కంటిచూపు తగ్గింది. పోలీసులపై కేసు నడిచినా, తెల్లవారే ఉన్న జ్యూరీ వారిని నిర్దోషులుగా వదిలేసింది.

1964 ఆగస్టులో డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ అట్లాంటిక్ సిటీలో జరిగింది. అధ్యక్ష అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునేది అక్కడే. మిసిసిపీ ప్రతినిధులందరూ తెల్లవారే కావడాన్ని సవాలు చేస్తూ, ఆమె, సహచరులు వేరే బృందంగా వెళ్ళారు. తాను పడినదంతా ఆమె కమిటీ ముందు చెబుతుండగా, టీవీ కెమెరాలను అటునుంచి మళ్ళించడానికి అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేకరులను పిలిచారు. కానీ ఆ రాత్రి టీవీలు ఆమె సాక్ష్యాన్ని దేశమంతటా చూపించాయి. రెండు స్థానాలిచ్చి సర్దుకోమంటే ఆమె బృందం ఒప్పుకోలేదు.

మరుసటి ఏడు, 1965 ఆగస్టు 6న, ఓటు హక్కుల చట్టం వచ్చింది. మిసిసిపీ వంటి చోట్ల పరీక్షలు ఆగిపోయాయి. అవసరమైన చోట కేంద్రమే అధికారులను పంపి ఓటర్లను నమోదు చేయించింది. అంతకుముందు అర్హులైన నల్లవారిలో సుమారు 7 శాతమే నమోదైన ఆ రాష్ట్రంలో 1967 నాటికి సుమారు 60 శాతం నమోదయ్యారు. ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం లేదా ఫెడరల్ కోర్టు అనుమతి పొందాలన్న షరతు కొన్ని రాష్ట్రాలకు ఉండేది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో అది ఆగిపోయింది.

1968 మహాసభలో ఆమె ప్రతినిధిగా కూర్చున్నారు. తర్వాత పేదల కోసం సహకార వ్యవసాయ క్షేత్రం నడిపారు. పోటీ చేసిన ఎన్నికల్లో గెలవలేదు. 1977 మార్చి 14న, యాభై తొమ్మిదో ఏట, క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది.

రాజ్యాంగం 1870లో ఇచ్చిన హక్కును దశాబ్దాల తరబడి అడ్డుకున్నది ఒక దరఖాస్తు, ఒక రసీదు, ఒక గుమాస్తా సంతకం. బల్లకు ఇవతల కూర్చున్న మనిషి చేతిలో ఎంత శక్తి ఉంటుందో మన ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. నేడు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు, మనవలకు ఈ కథ చెబుదాం. బల్లకు అవతల కాగితం పట్టుకుని నిలబడిన మనిషిని ఒకసారి తలెత్తి చూడమని చెబుదాం.