ఆయిలరు

బొంగరము త్రిప్పని బాలుడుండడు. తిరుగుచున్నంతసేపు నిటారుగ నిలిచిన బొంగరము వేగము తగ్గగానే తూలి పడును. ఇట్లు తిరుగు వస్తువుల నడకను గణితమున బంధించిన మహనీయుడు లియొనార్డు ఆయిలరు.

ఆయన 1707వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాసెల్ నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుమారుడును తన వృత్తినే చేపట్టవలెనని కోరెను. కాని జోహాన్ బెర్నూలీ అను గణితశాస్త్రజ్ఞుడు బాలుని ప్రతిభను గుర్తించి, ప్రతి శనివారము అతని సందేహములను తీర్చుచు, తుదకు తండ్రిని ఒప్పించెను. 1727లో ఆయిలరు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు విజ్ఞాన పరిషత్తున చేరెను. 1738 ప్రాంతమున ఆయన కుడికంటి చూపు పోయెను. అయినను పని మానలేదు. 1741లో బెర్లిను నగరమునకు వెళ్లి, అచట ఇరువదియైదేండ్లు గడపెను.

1765లో వెలువడిన గ్రంథమున ఆయన జడత్వ భ్రామకమును వివరించెను. వస్తువును త్రిప్పుటకు దాని ద్రవ్యరాశి యెంతయో తెలిసిన చాలదు. అది ఇరుసునకు ఎంత దూరమున నున్నదో కూడ తెలియవలెను. దూరము రెట్టింపైన జడత్వ భ్రామకము నాలుగు రెట్లగును. తెనాలి దగ్గరి చుండూరు వంటి పల్లెలలో కుమ్మరులు త్రిప్పిన సారెను తలచుకొనుడు. అంచు బరువుగా నుండుటచేతనే అది కఱ్ఱను తీసిన పిదపను చాలసేపు తిరుగును.

ఒక చిన్న లెక్క చూడుడు. ద్రవ్యరాశియు వ్యాసమును సమానముగా గల ఒక కంకణమును, ఒక గుండ్రని బిళ్లను ఏటవాలు పలకపై ఒక్కసారి విడిచిన, ఏది ముందుగా క్రిందికి దొర్లును? బిళ్లయే. కంకణపు ద్రవ్యమంతయు అంచుననే యుండుటచే దాని జడత్వ భ్రామకము బిళ్లకు రెండు రెట్లు. ఇట్టి లెక్కలలో మొదట ఇరుసును, పిమ్మట ద్రవ్యము పరచుకొన్న తీరును గమనింపవలెను. బొంగరము మొదలు భూగోళము వరకు వర్తించు భ్రమణ సమీకరణములు నేటికిని ఆయిలరు పేరనే పిలువబడుచున్నవి.

1766లో ఆయన మరల రష్యాకు చేరెను. అంతలో శుక్లము క్రమ్మి రెండవ కన్నును చెడెను. 1771లో ఇల్లు అగ్నికి ఆహుతి కాగా, స్వదేశీయుడొకడు మంటలలోనుండి ఆయనను మోసికొని వచ్చెను. అయినను ఆ అంధుడు దీర్ఘమైన గణనములను మనస్సుననే సాగించి, కుమారులకును శిష్యులకును చెప్పి వ్రాయించెను. చంద్రుని గమనమును గూర్చిన పెద్ద గ్రంథము 1772లో వెలువడినది. ఆయన రచనలలో దాదాపు సగము ఈ కాలమున పుట్టినవే.

1783 సెప్టెంబరు 18వ తేదీన, నూతనముగా కనుగొనబడిన యురేనస్ గ్రహపు కక్ష్యను గూర్చి ముచ్చటించిన పిమ్మట, ఆయిలరు హఠాత్తుగా కన్నుమూసెను. చూపు పోయినను ఆలోచన నిలిచినవానికి శాస్త్రద్వారము మూతపడదని ఆయన జీవితము తెలుపుచున్నది.