నాణెం మీద ఓడ వేయించిన గౌతమి కొడుకు

తల్లి పేరు చెప్పుకుని రాజ్యమేలిన మగవాళ్లు మన నేల మీద ఉన్నారంటే ఈనాటి పిల్లలు నమ్మరు. ఇంటిపేరు దగ్గర్నించి అన్నీ తండ్రివైపువే కదా మనకి! కానీ శాతవాహనుల్లో చివరి గొప్పరాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన శాసనాల్లో గౌతమీపుత్రుడే. స్కూల్లో చదువుకున్న గౌతమీ బాలశ్రీ కొడుకు ఈయన కాదు సుమా, ఆయన ముందు తరాలవాడు. ఈ గౌతమి గురించి మనకి మిగిలింది పేరొక్కటే.

యజ్ఞశ్రీ క్రీ.శ. 2వ శతాబ్దం చివర్లో దాదాపు 29 ఏళ్లు ఏలాడంటారు. పడమట శక క్షత్రపులతో తాతల నాటి వైరం. వాళ్ల నాణేల తరహాలోనే తన తల బొమ్మతో వెండి నాణేలు వేయించాడు. ఆయన 7వ పాలనా సంవత్సరంలో నాసిక్‌లో ఒక శాసనం చెక్కారు. ఒక భిక్షువు మొదలుపెట్టిన గుహ ఏళ్ల తరబడి సగంలో ఆగిపోతే, భవగోపుడనే మహాసేనాపతి భార్య వాసు దాన్ని పూర్తి చేయించిందట. మగవాళ్ల యుద్ధాల మధ్య ఆగిన పనిని ముగించిన ఆ ఇల్లాలంటే నాకెంతో ఇష్టం.

ఇరవయ్యేళ్ల తర్వాత, 27వ పాలనా సంవత్సరం నాటి శాసనం మన చినగంజాంలో దొరికింది. నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అంటే పడమటి కొండల నుంచి మన ఉప్పుగాలి తగిలే ఊరి దాకా ఆయన ఏలుబడే. అప్పటికి గుంటూరు సీమకి మిరపకాయ తెలీదు, అది పోర్చుగీసువాళ్లు వచ్చాకే వచ్చింది. నూలుబట్ట మాత్రం ఉంది. కృష్ణ దిగువ తీరంలో నేసే సన్నబట్టల గురించి 1వ శతాబ్దంలోనే ఒక గ్రీకు వర్తకుడు రాసిపెట్టుకున్నాడు.

ఆ సరుకు మోసిన ఓడలేవీ? చెక్క కదా, నీళ్లలో కలిసిపోయింది. తూర్పు తీరంలో దొరికిన ఈ రాజు సీసపు నాణేల మీద మాత్రం ఓడ బొమ్మ మిగిలింది. రెండు తెరచాప కొయ్యలు, వెనక చుక్కానిగా తెడ్లు. యుద్ధాలు గెలిచిన రాజు నాణెం మీద కత్తి కాకుండా ఓడ వేయించాడంటే, తన సిరి ఎక్కణ్ణించి వస్తోందో ఆయనకి బాగా తెలుసన్నమాట. ఆయన తర్వాత కొద్దికాలానికే రాజ్యం ముక్కలైంది. బొమ్మ నిలిచింది.

బొమ్మని బట్టి ఓడ కట్టొచ్చా అంటే, కట్టొచ్చు. అజంతా గోడ మీది 5వ శతాబ్దపు ఓడ బొమ్మ చూసి గోవాలో కౌండిన్య అనే ఓడ కట్టారు. కేరళ వడ్రంగులు చెక్క పలకల్ని మేకుల్లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో కుట్టారు. కుట్టంటే మనకి జాకెట్టే గుర్తొస్తుంది, ఇక్కడ కుట్టింది ఓడని! పాత పద్ధతి కదాని ఊరికే వదిలెయ్యలేదు. నమూనా చేసి, ఐఐటీ మద్రాసులో నీళ్లలో పరీక్షించారు. 2025 డిసెంబరు 29న పోరుబందరులో బయల్దేరి, గాలివాటున 2026 జనవరి 14న మస్కట్ చేరింది.

యజ్ఞశ్రీ నాణెం మీది రెండు కొయ్యల ఓడ కూడా అలాగే మన చినగంజాం తీరాన నీళ్లలోకి దిగితే చూడాలని నా ఆశ. పేరేం పెట్టాలని ఎవరైనా అడిగితే, ఆ రాజే చెప్పుకున్న తల్లి పేరుంది కదా, గౌతమి అని పెట్టమంటాను.