సికింద్రాబాదులో దొరికిన రహస్యం: సర్ రోనాల్డ్ రాస్ జీవితం

దోమకాటును చిన్న బాధగా భావించి చేతితో తుడిచివేయడం మనకు అలవాటు. ఆ అల్పప్రాణియే ప్రాణాంతక జ్వరాన్ని మోసుకు తిరుగుతున్నదని ప్రత్యక్షంగా చూపిన శాస్త్రవేత్త సర్ రోనాల్డ్ రాస్. ఆ సత్యం మొదట బయటపడినది లండనులో కాదు, పారిస్‌లో కాదు, మన సికింద్రాబాదులో.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతమైన అల్మోరాలో జన్మించారు. తండ్రి భారత సైన్యంలో అధికారి. కుమారుని మనస్సు కవిత్వం, సంగీతం వైపు మొగ్గినా, తండ్రి కోరిక మేరకు ఆయన లండనులో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించారు. మలేరియా రోగి రక్తంలో ఒక సూక్ష్మ పరాన్నజీవి ఉన్నదని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే కనుగొన్నారు. అయితే అది ఒకరినుండి మరొకరికి ఏ మార్గాన చేరుతుందో ఎవరూ నిరూపించలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు రాస్ దృష్టిని దోమవైపు మళ్ళించారు.

1895లో సికింద్రాబాదు చేరిన రాస్ ఎన్నో దోమలను కోసి పరీక్షించారు. ఫలితం శూన్యం. ఆయన పరీక్షించిన దోమలు వేరొక జాతివి. అయినా విసుగు చెందలేదు. 1897 ఆగస్టు ఉక్కలో, పంకా గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా మానుకున్నారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆ నెల 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, మచ్చల రెక్కల దోమలకు తన రక్తాన్ని ఇచ్చారు. 20వ తేదీన మిగిలిన దోమలలో ఒకదాని జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. అవి మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులవంటివే!

ఇంతలో రాస్‌కు బదిలీ అయింది. 1898లో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో, పక్షుల మలేరియాపై పరిశోధించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా వ్యాపిస్తుందని తేల్చారు. మానవులలో వచ్చే మలేరియాకు అనాఫిలిస్ దోమయే వాహకమని ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీ బృందం అదే ఏడు నిరూపించింది. ఖ్యాతి ఎవరిదన్న వివాదం వారిద్దరినీ చిరకాలం బాధించింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌ను వరించింది. 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూశారు. హైదరాబాదు నల్లకుంటలో ప్రజలు కోరంటి దవాఖానా అని పిలిచే జ్వరాల ఆసుపత్రి ఆయన పేరనే ఉన్నది.

మలేరియాకు కారణం వైరస్ కాదు. కాని దోమపై రాస్ సాగించిన అన్వేషణ వైరస్ వ్యాధుల పరిశోధనకు కూడా దారి చూపింది. 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం, దోమకాటుకు సిద్ధపడిన స్వచ్ఛంద సేవకుల సాయంతో, పచ్చజ్వరం దోమవల్లనే వస్తుందని నిరూపించింది. 1937లో మాక్స్ థైలర్ బృందం ఆ జ్వరానికి టీకాను సిద్ధం చేసింది. కర్ణాటకలోని కోలారులో లభించిన వైరస్‌నుండి హైదరాబాదు భారత్ బయోటెక్ రూపొందించిన మెదడువాపు టీకా 2013లో వెలువడింది.

ఏ టీకా అయినా బిడ్డ భుజానికి చేరేముందు, ఆరోగ్యవంతులైన కొందరు తమ శరీరాలపై దానిని పరీక్షింపనివ్వాలి. వారికి అన్నీ తమకు అర్థమయ్యే భాషలో వివరించి, వారి అంగీకారం పొందాలని నేటి నియమం. పేదవాని అవసరం అతని సమ్మతిగా చెలామణి కారాదన్నదే దీని సారం. హుసేన్ ఖాన్‌కు అణాలు దక్కాయి, రాస్‌కు నోబెల్ దక్కింది. ఆ రెండింటి నడుమనున్న దూరాన్ని మనం మరువరాదు.

విద్యార్థి మిత్రులారా! నీటి ఎద్దడివల్ల మన మార్కాపురం, గిద్దలూరు ఇళ్ళలో తొట్లు, డ్రమ్ములు నింపి ఉంచుకుంటాము. డెంగీ దోమకు అవే నిలయాలు. వాటిపై మూత వేయడానికి నోబెల్ పండితుడు రానక్కరలేదు. రాస్ ఓర్పు మనకు ఆదర్శం కావాలి. హుసేన్ ఖాన్ పేరు మనకు గుర్తుండాలి.