కంటికి గోచరింపని వెలుగు: విలియం హెర్షెలు జీవితము

ఇంద్రధనుస్సునందలి రంగులతోనే సూర్యకాంతి ముగియునని లోకము చిరకాలము తలచుచుండెను. ఎరుపునకు ఆవల కంటికి తోచునది చీకటియే. ఆ చీకటియందును సూర్యకిరణములు కలవని నిరూపించిన మహనీయుడు విలియం హెర్షెలు. ఆయన ఏ విశ్వవిద్యాలయమునందును చదివినవాడు కాడు. సంగీతము చెప్పి జీవించుచు, పుస్తకములే గురువులుగా శాస్త్రజ్ఞుడైనవాడు.

హెర్షెలు 1738వ సంవత్సరము నవంబరు 15వ తేదీన జర్మనీ దేశమందలి హానోవరు నగరమున జన్మించెను. తండ్రి సైనిక వాద్యబృందమున ఓబో అను సన్నాయి వంటి వాద్యము వాయించుచు సంసారము నడుపుచుండెను. కుమారుడును పదునాలుగవ యేట ఆ బృందముననే చేరెను. 1757లో యుద్ధము ముంచుకొని రాగా ఇంగ్లండునకు తరలిపోయెను. అచట మొదట స్వరప్రతులు వ్రాసి పొట్ట పోసికొనెను. 1766లో బాత్ పట్టణమునందలి ప్రార్థనామందిరమున వాద్యకారుడుగా కుదురుకొనెను.

సంగీతమును గూర్చి రాబర్టు స్మిత్ రచించిన గ్రంథమును చదివి, ఆ పండితుడే రచించిన కాంతిశాస్త్ర గ్రంథమును గూడ హెర్షెలు చేపట్టెను. ఆయన జీవితము అచటనే మలుపు తిరిగెను. పగలెల్ల శిష్యులకు పాఠములు చెప్పి అలసియు, రాత్రివేళ పడకపై ఖగోళ గ్రంథములు చదువుచుండెను. పెద్ద దూరదర్శినులను కొనుటకు ధనము చాలనందున, లోహపు దర్పణములను తానే పోతపోసి సానపట్టెను. 1772లో వచ్చి చేరిన చెల్లెలు కరోలిను ఆయనకు కుడిభుజమయ్యెను. ఒకమారు ఆయన 16 గంటలు ఎడతెగక దర్పణమునకు మెరుగు పెట్టుచుండగా, ఆమె ఆహారమును నోటికందించెను. అట్లు స్వహస్తములతో నిర్మించిన దూరదర్శినితోనే 1781 మార్చి 13వ తేదీన యురేనస్ గ్రహమును కనుగొనెను. ఇంగ్లండు రాజు ఏటేట 200 పౌనుల భృతి నొసగగా, సంగీతవృత్తిని విడిచి ఆకాశ పరిశీలనకే అంకితుడయ్యెను.

సూర్యుని చూచుటకై హెర్షెలు రంగుటద్దములను వాడుచుండెను. కొన్నిటి గుండ వెలుగు తక్కువగా వచ్చినను వేడిమి మిక్కుటముగా తగులుచుండెను. మరికొన్నిటి గుండ వెలుగు హెచ్చుగా వచ్చినను వేడిమి తోచకుండెను. ఇందలి కారణమేమని 1800లో ఆయన శోధింపబూనెను. గాజుపట్టకముతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునందు ఉష్ణమాపకము నుంచెను. సరిపోల్చుటకై వేరు ఉష్ణమాపకములను కాంతి తగులని చోట నిలిపెను. ఫారన్‌హీటు మానమున ఊదాయందు 2 డిగ్రీలు, ఆకుపచ్చయందు 3¼, ఎరుపునందు సుమారు 7 డిగ్రీల వేడిమి పెరిగెను. పిదప ఎరుపు దాటి చీకటిలో నుంచి చూడగా, అచటను పాదరసము పైకెగబ్రాకెను! ఆ కిరణములకే నేడు పరారుణ కిరణములని పేరు.

అయినను వెలుగును వేడికిరణములును వేర్వేరు వస్తువులని హెర్షెలు తుదకు భ్రమపడెను. ప్రయోగము సత్యము, దాని భావము ఆయనకు పూర్తిగా చిక్కలేదు. మరుసటి యేడే జర్మనీ దేశీయుడగు రిట్టరు ఊదాకు ఆవల అతినీలలోహిత కిరణములను కనుగొనెను. 1865లో మాక్సువెల్లు కాంతి విద్యుదయస్కాంత తరంగమని సిద్ధాంతీకరించెను. ఈ కిరణములన్నియు నొక్క జాతివే. తరంగదైర్ఘ్యము, అనగా అల శిఖరమునుండి మరు శిఖరమునకు గల దూరము, ఒక్కటియే భేదము.

మిల్లీమీటరును పదివేల వంతులు చేసినచో, సుమారు 4 వంతుల అల ఊదారంగు, 7 వంతుల అల ఎరుపు. మన కన్ను చూడగలిగినది ఈ ఇరుకు సందునే. ఎరుపునుండి 1 మిల్లీమీటరు వరకు పరారుణము. అటనుండి 1 మీటరు వరకు సూక్ష్మతరంగములు. ఆపైన కిలోమీటర్ల పొడవు వరకు రేడియో తరంగములు. ఊదాకు ఈవల మిల్లీమీటరులో లక్షవ వంతు వరకు అతినీలలోహితము. అచటినుండి పదికోట్లవ వంతు వరకు ఎక్సురే కిరణములు. అంతకంటె చిన్నవి గామా కిరణములు. ఈ ఎల్లలు ఇంచుమించువియే గాని గోడలు కట్టినట్టివి కావు.

1822 ఆగస్టు 25వ తేదీన, 83 ఏండ్ల ప్రాయమున హెర్షెలు కన్నుమూసెను. 2009లో యూరపు దేశములు ఆయన పేరిట అంతరిక్షమునకు పంపిన దూరదర్శిని, 2013 వరకు పరారుణ కిరణములతోనే నక్షత్రముల పుట్టుకను పరిశీలించెను. రాత్రివేళ పడకపై విప్పిన పుస్తకము ఒక వాద్యకారుని అంతదూరము నడిపించినది.