వేడి లేని వెలుగు: ఒలెగ్ లోసెవ్

దీపమున్న చోట వేడిమి ఉండడం లోకసహజం. ఆముదపు ప్రమిద మొదలు పెట్రోమాక్సు వరకు, అక్కడినుంచి తీగ బల్బు వరకు, మానవుడు వెలిగించిన దీపాలన్నీ ముందు వేడెక్కి పిమ్మట వెలిగినవే. వేడితో నిమిత్తం లేని వెలుగు మిణుగురు పురుగుల సొత్తుగా ఉండేది. విద్యుత్తు సోకిన రాతిముక్క చల్లగా ఉండి వెలుగునీయగలదని ప్రయోగపూర్వకంగా నిరూపించి, ఆ వెలుగు స్వభావాన్ని తరచి చూచినవాడు రష్యా దేశీయుడైన ఒలెగ్ వ్లదిమిరోవిచ్ లోసెవ్. విజ్ఞానచరిత్రలో ఆయన నేడు ప్రసిద్ధుడు. అయినా ఆయన పేరు ఎరుగకుండానే ఆయన కనుగొన్న వెలుగును వాడుకొనేవారు కోట్ల సంఖ్యలో ఉన్నారు.

హైదరాబాదుకు పడమట, హైటెక్ సిటీని ఆనుకొని ఉన్న కొండాపూర్‌లో ఏ ఇంటనో తాతల నాటి వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి ఉన్నదనుకొందాం. మీట వేయగానే దాని ముఖాన ఎర్రని గాజు చాటున చిన్న బల్బు వెలగాలి. అటువంటి బల్బు సాధారణంగా 6.3 వోల్టులది, 150 మిల్లీ ఆంపియర్ల కరెంటు తాగుతుంది. అది తినే ఒక వాటు శక్తిలో వెలుగుగా మారేది బహు స్వల్పం. తక్కినదంతా వేడిగా పోతుంది. ఏండ్ల తరబడి ఆ వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పెళుసెక్కి, డయలు రంగు మారి, తుదకు తీగ తెగి దీపం ఆరిపోతుంది. నేడు దాని స్థానంలో ఎల్‌ఈడీ అమర్చడం పరిపాటి అయినది. కోఠీ గుజరాతీ గల్లీలో అది కొద్ది రూపాయలకే దొరుకుతుంది. 10 మిల్లీ ఆంపియర్లతో తృప్తి పడుతుంది.

అయితే ఈ కొత్త దీపానికి పాత దీపపు ఓర్పు లేదు. అది కరెంటును ఒక దిక్కునే పోనిస్తుంది. రెండు వోల్టులు చాలిన ఎర్రని ఎల్‌ఈడీని 6.3 వోల్టుల ఏసీకి నేరుగా తగిలిస్తే నిలువదు. ఆ ఏసీ శిఖరాన దాదాపు 9 వోల్టులకు చేరుతుంది. కనుక 470 ఓముల రెసిస్టర్‌ను వరుసలో చేర్చి, ఎదురు దిక్కు వోల్టేజీ దెబ్బ తగలకుండా మామూలు డయోడ్ ఒకటి ఎల్‌ఈడీ పక్కన తలకిందుగా కట్టాలి. వాల్వు యంత్రంలో మీట ఆపిన తరువాత కూడా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. తెలియనివారు మూత విప్పరాదు. ఇంతకూ ఆ చల్లని ఎర్రచుక్క వంశవృక్షాన్ని వెతుకుతూ పోతే, మనం వోల్గా నదీతీరానికి చేరుతాము.

ఆ నది ఒడ్డున ఉన్న త్వేర్ పట్టణంలో 1903 మే 10న లోసెవ్ జన్మించాడు. తండ్రి రైలుపెట్టెల కర్మాగారంలో ఉద్యోగి. బడిలో చదువుకొనే రోజులలో, ఊరి రేడియో స్టేషను అధిపతి చేసిన బహిరంగోపన్యాసం ఒకటి విని, ఆ బాలుడు రేడియోకు దాసుడైనాడు. స్టేషనుకు రాకపోకలు సాగించి బోంచ్-బ్రూయెవిచ్, లెబెదిన్‌స్కీ మొదలైన పెద్దల కంట పడినాడు. విప్లవానంతరం ఆ పెద్దలే నీజ్నీ నోవ్‌గొరోద్ నగరంలో రేడియో ప్రయోగశాలలో పని చేస్తూ ఉండగా, 1920లో లోసెవ్ అక్కడికి చేరుకొన్నాడు. చేరినది శాస్త్రజ్ఞుడుగా కాదు, బంట్రోతుగా. తలదాచుకొనే ఇల్లు లేక, ప్రయోగశాల భవనంలోనే అటకకు పోయే మెట్ల మలుపులో పడుకొనేవాడు. పగలు కాగితాలు మోసిన చేతులు, తీరిక దొరికినప్పుడు స్ఫటికాలను పరీక్షించేవి.

ఆనాటి చౌకరకపు రేడియోలలో స్ఫటికం మీద సన్నని లోహపు సూదిని ఆనించి తరంగాలను పట్టేవారు. ఈ స్ఫటిక విద్యకు ఆద్యులలో మన జగదీశ్‌చంద్ర బోసు ఒకరు. గెలీనా స్ఫటికాన్ని గ్రాహకంగా వాడే పద్ధతికి ఆయనకు 1904లో అమెరికా పేటెంటు లభించింది. స్ఫటికం సంకేతాన్ని పట్టగలదే గాని పెంచలేదనీ, పెంచడానికి వాల్వు ఉండవలసినదేననీ అందరూ నమ్మారు. 1922 జనవరిలో, పందొమ్మిదేండ్లైనా నిండని లోసెవ్, జింకైటు స్ఫటికం మీద సూదిని ఆనించి, తగిన వోల్టేజీ ఇచ్చినపుడు అది సంకేతాన్ని పెంచుతుందని, స్వయంగా కంపనాలను పుట్టిస్తుందని కనుగొన్నాడు. ఆ సాధనానికి క్రిస్టడీన్ అని పేరు వచ్చినది. 1924లో అమెరికాలోని రేడియో న్యూస్ పత్రిక దానిని గొప్పగా ప్రకటించింది. ట్రాన్సిస్టర్ పుట్టుకకు పాతికేండ్లకు ముందే గాజు బుడ్డి లేని ఆంప్లిఫయర్ పనిచేసిందంటే ఆశ్చర్యమే. కాని జింకైటు అరుదైన ఖనిజం. సూది కుదురుగా నిలవదు. వాల్వులు నానాటికి మెరుగైనవి. క్రిస్టడీన్ మూలపడినది.

లోసెవ్ అసలు కీర్తికి కారణమైనది వేరొక రాయి. 1923లో ఆయన కార్బోరండం స్ఫటికం మీద పనిచేస్తూ, సూది ఆనిన చోట మసక వెలుగును గమనించాడు. కార్బోరండం మనకు కొత్తది కాదు. కత్తులు నూరే సానరాళ్ళ తయారీలో వాడేది అదే. ఈ వెలుగును మొదట చూచినవాడు కూడా లోసెవ్ కాడు. మార్కొనీ సంస్థలో పనిచేసిన హెన్రీ రౌండ్ 1907లోనే దానిని చూచి, ఒక పత్రికకు చిన్న లేఖ వ్రాసి ఊరకున్నాడు. ఆ లేఖ సంగతి లోసెవ్ ఎరుగడు. చూచుట వేరు, వెంటబడి తెలుసుకొనుట వేరు. లోసెవ్ ఆ వెలుగును ఏండ్ల తరబడి వెంటాడాడు.

మొదటి ప్రశ్న ఏమనగా, సూది మొనవద్ద రాయి కాగి ఎర్రబడుతున్నదా, లేక ఇది మరొక జాతి వెలుగా? సమాధానం రాబట్టడానికి ఆయన ఎన్నుకొన్న ఉపాయం పాఠశాల విద్యార్థికి కూడా బోధపడేటంత సులభమైనది. వెలుగుతున్న చోట బెంజీన్ చుక్క ఒకటి వేసి, అది ఎంత త్వరగా ఆవిరవుతుందో కనిపెట్టి చూచాడు. రాయి నిజంగా కాలుతూ ఉంటే చుక్క క్షణంలో ఎగిరిపోవాలి. అది తాపీగా ఆరినది. వెలుగు చల్లనిదని తేలిపోయినది. ఎన్ని ఖరీదైన యంత్రాలున్నా ఇంతకన్న చక్కని నిదర్శనం దొరకదు.

1927లో రష్యను భాషలోను, 1928లో లండనులోని ఫిలసాఫికల్ మాగజైన్‌లోను ఆయన ఈ పరిశోధనలను ప్రకటించాడు. కాంతి తాకిడికి లోహం నుంచి ఎలక్ట్రానులు వెడలడాన్ని ఐన్‌స్టీన్ వివరించగా, తన రాతిలో జరిగేది దానికి విలోమమైన క్రియ అని లోసెవ్ ఊహించాడు. ఆ దీపం కరెంటు వెంట అతివేగంగా వెలిగి ఆరగలదు గనుక టెలిగ్రాఫు, టెలిఫోను వార్తలను కాంతి ద్వారా పంపవచ్చునని భావించి, కాంతి రిలే అనే సాధనానికి 1927లో పేటెంటు కోరాడు. హైటెక్ సిటీ భవనాలను లోకంతో కలిపే గాజు తీగలలో నేడు వార్తలను మోసేది కాంతియే. దానిని పుట్టించే లేజర్ డయోడ్ ఎల్‌ఈడీకి సమీప బంధువు.

ఇంతటి పని ఏల మరుగున పడినది? ఘనపదార్థాలలో ఎలక్ట్రానుల నడకను వివరించే సిద్ధాంతం అప్పుడే రూపు దిద్దుకొంటున్నది. పైగా కార్బోరండం వెలుగు బహు మందం. అది దేనికి పనికివస్తుందో తక్కినవారికి తోచలేదు. 1928లో నీజ్నీ ప్రయోగశాల మూతబడగా లోసెవ్ లెనిన్‌గ్రాద్ చేరాడు. కొంతకాలం అబ్రమ్ యోఫె సంస్థలో ప్రయోగాలు సాగించాడు. 1937 నాటికి వైద్య కళాశాలలో భౌతికశాస్త్ర బోధకుడైనాడు. పైచదువు పట్టా లేని ఆయనకు, ప్రచురించిన కృషిని పురస్కరించుకొని, సిద్ధాంతవ్యాసంతో పని లేకుండానే 1938లో కాండిడేట్ పట్టం ఇచ్చారు. మెట్ల మలుపులో పడుకొన్న బంట్రోతుకు విద్యాలోకం చూపిన గౌరవం ఇది, ఆలస్యంగానే వచ్చినది.

1941 సెప్టెంబరులో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాద్‌ను ముట్టడించాయి. నగరం విడిచిపొమ్మని అన్నా లోసెవ్ వెళ్ళలేదు. క్షతగాత్రులకు రక్తదానం చేశాడు. అగ్నిప్రమాదాలను తెలిపే సాధనాన్ని రూపొందించాడు. ఆ నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు నగరంలో సామాన్యోద్యోగికి దక్కిన రొట్టె దినానికి 125 గ్రాములు. రక్తమిచ్చిన దేహానికి అది ఏ మూలకు? 1942 జనవరి 22న ఆకలితో లోసెవ్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది ఎనిమిదేండ్లు.

ఇరువదేండ్ల తరువాత, 1962లో, అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీని తయారుచేశాడు. అది గాలియం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనంతో చేసినది. 1970వ దశకంలో ఆంప్లిఫయర్ల ముఖాన బల్బులకు బదులు ఆ ఎర్రచుక్కలు వెలయసాగినవి. లోసెవ్ పేరు మాత్రం పాత పత్రికల దొంతరలలోనే ఉండిపోయినది. 1976లో ఎగోన్ లోబ్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఎల్‌ఈడీ పూర్వచరిత్రను తవ్వి, ఆ పేరును ఆంగ్లభాషా శాస్త్రలోకం ముందుంచాడు. మరి పదమూడేండ్లకు, 1989లో, మొట్టమొదటి నీలి ఎల్‌ఈడీ అంగడికి వచ్చినది. అది కార్బోరండంతో చేసినదే.