సి.కె. నాయుడు

సి.కె. నాయుడుగా ప్రసిద్ధులైన కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులోని తెలుగు కుటుంబంలో జన్మించారు. 1916లో ప్రథమశ్రేణి క్రికెట్‌లో ప్రవేశించారు. 1923లో హోల్కర్ మహారాజు ఆహ్వానంపై ఇండోరు చేరి, ఆ సంస్థాన సైన్యంలో ఉద్యోగం స్వీకరించారు.

1926లో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయిలో హిందూ జట్టు పక్షాన ఆడి, 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించారు. పాలకులు నేర్పిన ఆటలో పాలితులు వారికి తీసిపోరని ఆ ఆట చాటింది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో ఆరంభమైన భారతదేశపు తొలి టెస్టుకు ఆయనే నాయకుడు. చేతికి గాయమైనప్పటికీ తొలి ఇన్నింగ్స్‌లో భారత జట్టుకు అత్యధికంగా 40 పరుగులు అందించారు.

అనంతరం హోల్కర్ జట్టును నాలుగుసార్లు రంజీ ట్రోఫీ విజేతగా నిలిపారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ సంవత్సరమే రంజీ పోటీలలో అడుగిడిన ఆంధ్ర జట్టుకు యాభై ఎనిమిదేళ్ళ ప్రాయంలో సారథ్యం వహించారు. పేరు ప్రతిష్ఠలు గడించిన ఆటగాడు అనుభవంలేని యువకులతో కలిసి ఆడడానికి వెనుకాడలేదు. 1956లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. అరవై దాటిన తరువాత కూడ ఉత్తరప్రదేశ్ పక్షాన రంజీ ఆడారు.

1967 నవంబరు 14న ఇండోరులో కీర్తిశేషులయ్యారు. క్రమశిక్షణతో కాపాడుకొన్న దేహం వయస్సుకు సులభంగా లొంగదని ఆయన జీవితం నిరూపించింది.