స్టూడియో తాకట్టు పెట్టిన రఘుపతి వెంకయ్య

మన హాస్టల్‌లో చదువుకున్న ఒక అన్న నందిగామలో ఫోటో స్టూడియో నడుపుతున్నారు. క్రిందటి నెల జగ్గయ్యపేట వచ్చి, తన పాత రీలు కెమెరా మూత తీసి మాకు లోపల చూపించారు. వాళ్ళమ్మగారి కమ్మలు కుదువపెట్టి కొన్నదట. అవి విడిపించడానికి రెండు పెళ్ళిళ్ళ సీజన్లు పట్టాయట. అది విన్నాక మాకు రఘుపతి వెంకయ్య గారు గుర్తొచ్చారు. (2022 నుండి మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్ళం, ఆయన పుట్టిన బందరు కృష్ణాలోనే ఉండిపోయింది. అయినా ఆయన్ని వదులుకోం.)

వెంకయ్య గారు 1869లో మచిలీపట్నంలో జన్మించారు. పదిహేడేళ్ళకే ఫోటోగ్రఫీలోకి దిగి మద్రాసులో స్టూడియో పెట్టారు. ఆనాటి స్టూడియో కెమెరా అంటే చెక్క పెట్టె, మడతల తిత్తి, ముందు లెన్సు, వెనక గాజు పలక. నల్లగుడ్డ కప్పుకొని, తలకిందులుగా కనిపించే బొమ్మను చూస్తూ ఫోకస్ చేయాలి. అన్న కెమెరాలోనూ ముఖ్యమైనవి అవే. లెన్సులోని సన్నటి రేకులు వెలుతురు ఎంత రావాలో, షట్టర్ ఎంతసేపు రావాలో చూసుకుంటాయి. గాజు పలక స్థానంలో రీలు వచ్చింది, అంతే.

బాగా సాగుతున్న ఆ స్టూడియోను 1909లో తాకట్టు పెట్టి, వెంకయ్య గారు క్రోనో మెగాఫోన్ కొన్నారు. చిన్న చిన్న ఫిలింలను గ్రామఫోను పళ్ళెంతో కలిపి చూపే యంత్రమది. ఇంట్లో వాళ్ళు ఏమన్నారో గాని, ఆయన దాన్ని బెజవాడ, బెంగుళూరు, బర్మా, సింహళం దాకా తిప్పారు. తర్వాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు కట్టించారు.

ఇతరుల బొమ్మలు ఎంతకాలం ఆడిస్తాం? కుమారుడు ప్రకాష్‌ను సినిమా పని నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. సినిమా కెమెరాలోనూ లెన్సు, షట్టర్ ఉంటాయి. కష్టమంతా రీలును ఆపి ఆపి నడపడంలో ఉంది. అంచు చిల్లుల్లో చిన్న కొక్కెం దిగి ఒక్కో గడినీ కిందికి లాగుతుంది. లాగే క్షణంలో గుండ్రంగా తిరిగే షట్టర్ వెలుతురును మూసేస్తుంది. మూకీ రోజుల్లో ఇదంతా చేతి పిడితోనే. చుట్టుకు ఎనిమిది గడులు, సెకనుకు రెండు చుట్లు. చెయ్యి వేగం పెరిగితే తెరమీద మనుషులు నెమ్మదిగా నడుస్తారు!

1921లో తండ్రీకొడుకుల స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ నుండి భీష్మప్రతిజ్ఞ వచ్చింది. దర్శకుడు ప్రకాష్ గారే. వెంకయ్య గారు 1941లో కన్నుమూశారు. తెలుగు సినిమా పితామహుడిగా ఆయన పేరిట ప్రభుత్వం అవార్డు పెట్టింది గాని, భీష్మప్రతిజ్ఞ చూద్దామంటే దాని రీలు ఎక్కడా మిగల్లేదు.